దయ్యాల కథలు: ‘ఎవరు?’ అని కాక ‘ఏమిటి?’ అని అడిగితే

గురువారం రాత్రి అంటే అబూ హమూర్‌లోని తెలుగు కుటుంబాలకు చిన్న పండుగ. మరునాడు సెలవు, పిల్లలకు బడి లేదు, పెద్దలలో చాలామందికి పని లేదు. చలికాలమైతే మేడపై చాపలు పరచుకొని, పులిహోర, పెరుగన్నం ముగించి, కబుర్లలో పడతాం. పది గంటలు దాటగానే పిల్లల కోరిక ఒక్కటే: “అంకుల్, దయ్యం కథ చెప్పండి.” ఒకరు తాతగారి ఊరి చింతతోపు కథ ఎత్తుకుంటారు. మరొకరు ఘాటు రోడ్డుపై లారీని ఆపిన తెల్లచీర స్త్రీ కథ చెబుతారు. పిల్లలు తల్లుల కొంగులు పట్టుకొని దగ్గరకు జరుగుతారు. జరుగుతూనే “ఇంకొకటి” అంటారు.

గడచిన చలికాలంలో అటువంటి ఒక రాత్రి, మెదక్ ప్రాంతం నుండి వచ్చిన ఒక మిత్రుడు నన్ను మెట్ల దగ్గరకు పిలిచాడు. అతని ముఖంలో నవ్వు లేదు.

“అన్నా, మా ఇంటికాడ పదిరోజుల్ల మూడుసార్లు అగ్గి అంటుకున్నది. పెట్టెల బట్టలు కాలినయట. బాణామతి అంటున్నరు. చేసింది ఎవరో గూడ చెప్తున్నరు. మా పెద్దమ్మ వరుస అయితది, ఒక్కతే ఉంటది. మంత్రగాడు ఇరవై వేలు అడిగిండట. పంపాల్నా?”

ఇరవై వేల రూపాయల కంటె నన్ను ఎక్కువ కలవరపెట్టినది ‘చేసింది ఎవరో గూడ చెప్తున్నరు’ అన్న మాట. మేడపై పిల్లలు వింటున్న కథకూ, ఆ ఊరిలో ముదురుతున్న కథకూ మూలం ఒక్కటే: మనకు అర్థం కాని సంఘటన. కాని మొదటి కథ ‘ఏమి జరిగింది?’ అన్న కుతూహలం వద్ద ఆగుతుంది. రెండవది ‘ఎవరు చేశారు?’ అన్న ప్రశ్న వైపు పోతుంది. మొదటి ప్రశ్న మనిషికి ఆనందాన్నీ జ్ఞానాన్నీ ఇచ్చింది. రెండవ ప్రశ్న మనుషుల ప్రాణాలు తీసింది. ఈ తేడాను పాఠకులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం. దయ్యాలను నమ్మేవారిని ఎగతాళి చేయడం కాదు. వారితో కలిసి కూర్చొని, ఆ కథల వెంట కొంతదూరం నడవడం.

మధ్యాహ్నపు గాడిద, చింతచెట్టు దయ్యం

మన పొరుగు దేశాల కథలతోనే ఆరంభిద్దాం. అరేబియా గల్ఫ్ ప్రాంతపు వృద్ధులను అడిగితే ‘హ్మారత్ అల్ గాయ్‌లా’ గురించి చెబుతారు. సగం స్త్రీ, సగం గాడిద రూపం గల ఈ భూతం మిట్టమధ్యాహ్నం వీధులలో తిరుగుతూ, ఒంటరిగా బయటకు వచ్చిన పిల్లలను పట్టుకొంటుందట. ముత్యాల వేటకు పడవలపై పోయిన తరాల వారు ‘బూ దర్యా’ అనే సముద్రభూతాన్ని గురించి చెప్పుకొనేవారు. రాత్రివేళ నీటిలో నుండి ‘కాపాడండి’ అన్న కేక వినిపించి, జాలిపడి దగ్గరకు పోయినవారిని అది లోపలికి లాగుకొంటుందని వారి నమ్మకం.

ఈ కథలలో భూతం ఎంత ఉన్నదో, అనుభవం కూడా అంత ఉన్నది. ఎడారి మధ్యాహ్నం పసివారికి ప్రాణాంతకం. వడదెబ్బ అంటే ఏమిటో మూడేళ్ళ బిడ్డకు వివరించలేం. గాడిదకాళ్ళ స్త్రీ ఉన్నదంటే చాలు, గడప దాటడు. నేడు కతర్ ప్రభుత్వం ఇదే సంగతిని చట్టం భాషలో చెబుతున్నది. 2021లో వెలువడిన నిబంధన ప్రకారం జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుండి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట ఎండలో కార్మికులచేత పని చేయించరాదు. అమ్మమ్మలు గాడిదతో చేసిన పనిని నేడు అధికారులు తనిఖీలతో చేస్తున్నారు.

మన చింతచెట్టు దయ్యం సంగతి కొంత భిన్నం. ‘రాత్రిపూట చెట్లు బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి, అందుకే పెద్దలు చెట్టు క్రింద పడుకోవద్దన్నారు’ అని మనలో చాలామంది పాఠశాలలోనే విన్నాం. వినడానికి శాస్త్రీయంగా ఉన్నది. చెట్లు రాత్రివేళ శ్వాసించి ఆ వాయువును విడవడం కూడా నిజమే. అయితే సగటు మనిషి ఒక్క రోజులో సుమారు ఒక కిలోగ్రాము బొగ్గుపులుసు వాయువును తన ముక్కుద్వారా విడుస్తాడు. మూసిన గదిలో నలుగురు కలిసి నిద్రించి క్షేమంగా లేస్తున్నప్పుడు, గాలి ఆడే ఆరుబయట చెట్టు విడిచిన కొద్దిపాటి వాయువు ప్రాణం తీస్తుందనడం నిలవదు. చెట్టు క్రింద పాములు, తేళ్ళు, విరిగిపడే కొమ్మలు అంతకంటె నిజమైన ప్రమాదాలు. దయ్యాన్ని వెళ్ళగొట్టే తొందరలో, పరీక్షించని మరొక నమ్మకాన్ని విజ్ఞానం పేరిట కూర్చోబెట్టకూడదు. ‘శాస్త్రం చెప్పింది’ అన్న మాటను కూడా ‘తాత చెప్పాడు’ అన్న మాటను పరీక్షించినట్లే పరీక్షించాలి. శోధకునికి ఇది మొదటి పాఠం.

పాడే ఇసుక

దోహాకు నైరుతిగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ‘పాడే ఇసుకతిన్నెలు’ ఉన్నాయి. పొడి వాతావరణంలో తిన్నె పైభాగం నుండి ఇసుకను క్రిందికి జార్చితే, దూరాన విమానం పోతున్నట్లో, ఎవరో గొంతు విప్పని తంబురా మీటుతున్నట్లో ఒక గంభీరమైన మ్రోత పుడుతుంది. కూర్చున్నవారి శరీరం కూడా అదురుతుంది. 13వ శతాబ్దంలో మధ్య ఆసియా ఎడారిని దాటిన మార్కో పోలో అక్కడ భూతాల పిలుపులు, డప్పుల మ్రోతలు వినిపిస్తాయని తన యాత్రా వృత్తాంతంలో చెప్పాడు. రాత్రివేళ ఒంటరి బాటసారి చెవికి ఈ నాదం సోకితే, అది ఇసుక అని తోచడం కష్టమే.

ఎడారులలో తిరిగిన ఆంగ్ల సైనిక ఇంజనీరు రాల్ఫ్ బాగ్నాల్డ్ 1941లో ఎగిరే ఇసుకపై ఒక గొప్ప గ్రంథం ప్రకటించాడు. అందులో ఈ నాదానికి కూడా చోటిచ్చాడు. తిన్నె వాలు నుండి పొడి ఇసుక పొరగా జారినప్పుడు, దాదాపు ఒకే పరిమాణం గల రేణువులు ఒకదానినొకటి తాకుతూ ఒకే లయలో కదులుతాయి. ఆ లయ గాలిని కదిలిస్తుంది. నాదపు పౌనఃపున్యం సాధారణంగా సెకనుకు 70 నుండి 110 కంపనాల మధ్య ఉంటుంది. ఆ లయ ఎలా కుదురుతుందన్న విషయంలో మాత్రం శాస్త్రజ్ఞుల మధ్య వాదం 21వ శతాబ్దంలో కూడా సాగింది. కదిలే రేణువుల వేగమే స్వరాన్ని నిర్ణయిస్తుందని కొందరు, తిన్నె లోపలి పొరలు వీణకాయ వలె ఆ స్వరాన్ని పెంచుతాయని మరికొందరు అన్నారు.

పాఠకులు గమనించవలసినది ఇదే. ‘జిన్నులు పాడుతున్నాయి’ అన్నప్పుడు కథ అక్కడితో ముగుస్తుంది. ‘ఇసుక ఎందుకు పాడుతున్నది?’ అన్నప్పుడు కథ అక్కడ మొదలవుతుంది. సెలవునాడు పిల్లలను తీసుకొని అక్కడికి పోండి. గాలిలో తేమ ఉన్న రోజు ఇసుక మూగబోతుంది. పొడిగా ఉన్న రోజు పలుకుతుంది. రెండు రోజులూ పోయి పోల్చి చూస్తే, అదే ఒక ప్రయోగం. రెండు వాహనాలలో పోవడం, తగినంత నీరు వెంట ఉంచుకోవడం మాత్రం మరువరాదు. ఎడారిలో ప్రమాదం దాహం రూపంలో వస్తుంది.

గుండెలపై కూర్చున్నది ఏమిటి?

మనవారిలో పలువురికి ఈ అనుభవం ఉన్నది. నడిరాత్రి మెలకువ వస్తుంది. కళ్ళు తెరుచుకొంటాయి, గది కనిపిస్తుంది, కాని వ్రేలు కూడా కదలదు. గుండెలపై ఎవరో కూర్చున్న బరువు. మూలలో ఒక నీడ. అరవాలన్నా గొంతు పెగలదు. కొన్ని క్షణాల తరువాత అంతా మాయమై, ఒళ్ళంతా చెమట. మన ఊళ్ళలో దీనిని దయ్యం గుండెలమీద కూర్చోవడం అంటారు. గల్ఫ్ అరబ్బులు ‘జాథూమ్’ అంటారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ద్వీపవాసులు ‘ముసలి మంత్రగత్తె’ వచ్చిందంటారు. దేశాలు వేరు, భాషలు వేరు, బరువు ఒక్కటే.

కలలు కనే నిద్రాదశలో మెదడు మన కండరాలను దాదాపు కట్టివేస్తుంది. లేకుంటే కలలో పరుగెత్తినవాడు మంచం మీద నుండి నిజంగానే పరుగెత్తును. అరుదుగా మెలకువ ముందు వచ్చి, కట్టు తరువాత వీడుతుంది. ఆ కొద్ది వ్యవధిలో సగం కల, సగం నిజం కలగలిసిపోతాయి. దీనిని నిద్రా పక్షవాతం అంటారు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2011లో ప్రకటించిన ఒక సమీక్ష ప్రకారం, నూటికి దాదాపు ఎనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా ఈ అనుభవం కలుగుతుంది. విద్యార్థులలో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. నిద్రలేమి, వేళలు మారే షిఫ్టులు, వెల్లకిల పడుకోవడం దీనికి తోడ్పడతాయి. కార్మికుల నివాసాలలో రాత్రి షిఫ్టు ముగించి పగలు నిద్రించే తమ్ముళ్ళకు ఈ నాలుగు మాటలు చేరితే, ‘ఈ గది మంచిది కాదు’ అన్న భయం కొంత తగ్గుతుంది.

గది విషయంలో మరొక రెండు ఉదంతాలు చెప్పాలి. ఇంగ్లండులోని కోవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరు తన ప్రయోగశాలలో ఒక రాత్రి ప్రక్కచూపులో బూడిదరంగు ఆకారాన్ని చూసి వణికిపోయాడు. మరునాడు బిగించి ఉంచిన ఒక కత్తి అలుగు తనంతట తాను కంపించడం గమనించాడు. వెదకగా, కొత్తగా అమర్చిన పంకా సెకనుకు సుమారు 19 కంపనాల శబ్దాన్ని పుట్టిస్తున్నదని తేలింది. మనిషి చెవి అంత తక్కువ స్థాయి శబ్దాన్ని స్పష్టంగా వినలేదు; శరీరం మాత్రం కలవరపడవచ్చునని ఆయన 1998లో వ్రాశాడు. ఇది ప్రతి ‘దయ్యాల గది’కీ తాళంచెవి కాదు. అయినా ఎయిర్ కండిషనర్ల మధ్య బ్రతికే మనం గుర్తుంచుకోదగిన ఉదంతం.

రెండవది ఇంకా ముఖ్యం. 1921లో అమెరికాలో ఒక కంటి వైద్యుడు ఒక కుటుంబం కథను వైద్య పత్రికలో ప్రకటించాడు. ఆ ఇంటిలో అడుగుల చప్పుళ్ళు, వింత ఆకారాలు, తలనొప్పి, నీరసం; మొక్కలు సైతం వాడిపోయాయి. చివరకు పాడైన కొలిమి నుండి కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఇల్లంతా నిండుతున్నదని కనుగొన్నారు. చలికాలంలో ఎడారి గుడారాలను మూసివేసి లోపల బొగ్గుల కుంపటి ఉంచుకొనేవారు ఈ కథను తప్పక తెలుసుకోవాలి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. అక్కడ భూతవైద్యునికై వెదకుతూ కూర్చుంటే, మొదట తలుపు తెరవవలసిన సమయం దాటిపోతుంది.

ఉంగరం ఊగుతుందా, చేయి ఊపుతుందా?

కళాశాల వసతిగృహాలలో ప్లాంచెట్ ఆడనివారు తక్కువ. నాణెంపై వ్రేళ్ళు ఉంచి ‘ఆత్మ’ను పిలిస్తే అది అక్షరాల మధ్య కదలుతుంది. ‘నేను తోయలేదు’ అని అందరూ ప్రమాణం చేస్తారు. చిత్రమేమంటే, వారు అబద్ధం చెప్పడం లేదు.

1850 ప్రాంతంలో ఇంగ్లండులో బల్లలు తిప్పే వేడుక వెర్రిగా వ్యాపించింది. విద్యుచ్ఛాస్త్ర మహర్షి మైకేల్ ఫారడే 1853లో దానిని పరీక్షించాడు. బల్లకూ చేతులకూ మధ్య అట్టలను మెత్తని జిగురుతో అతికించాడు. బల్లే మొదట కదిలితే క్రింది అట్ట ముందుకు జరగాలి. చేతులే మొదట కదిలితే పైఅట్ట ముందుకు జరగాలి. పైఅట్టే జరిగింది. తరువాత చేతుల సూక్ష్మచలనాన్ని చూపే ఒక సూచికను అమర్చి, దానిని కూర్చున్నవారికి కనబడేట్లు ఉంచాడు. తమ చేతులు తోస్తున్నాయని చూసిన మరుక్షణం నుండి బల్ల కదలడం మానివేసింది. ఒక ఏడాది ముందు, 1852లో, విలియం కార్పెంటర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు, మన ఆలోచన మనకు తెలియకుండానే కండరాలను కదిలిస్తుందని వివరించి ఉన్నాడు.

ఈ ప్రయోగం మీ ఇంటిలో ఐదు నిమిషాలలో చేయవచ్చును. జానెడు దారానికి ఉంగరం కట్టి, కాగితంపై గీసిన గీత పైన వ్రేలాడదీయండి. చేయి కదల్చకుండా ‘గీత వెంట ఊగు’ అని మనసులో అనుకోండి. ఊగుతుంది. ‘అడ్డంగా ఊగు’ అనుకోండి. దిశ మారుతుంది. ఇప్పుడు అదే దారాన్ని తలుపు గొళ్ళానికి కట్టి, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆజ్ఞాపించండి. ఉంగరం వినదు. పిల్లలు కేరింతలు కొడతారు. దయ్యం లేదని తేలినందుకు కాదు, తమ చేయి తమకు తెలియకుండా ఒక పని చేసిందని తెలిసినందుకు. ఇది దయ్యం కంటె వింత.

1995 సెప్టెంబరు 21న భారతదేశమంతటా, విదేశాలలోని ఆలయాలలో సైతం, వినాయక విగ్రహాలు పాలు త్రాగుతున్నాయన్న వార్త ఒక్క రోజులో వ్యాపించిన సంగతి మన తరానికి గుర్తే. శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి చూపారు: చెంచా అంచు రాతిని తాకగానే తలతన్యత వలన పాలు చెంచాను వీడి, రాతిపై పలుచని పొరగా క్రిందికి జారుతున్నాయి. భక్తికి ఈ వివరణ వలన లోటు లేదు. స్వామి పాలు త్రాగితేనే నమ్ముతామన్న షరతు భక్తులు పెట్టినది కాదు కదా!

కథలను సేకరించే వేడుక

ప్రయోగాలు అందరికీ రుచించకపోవచ్చును. అటువంటివారికి మరొక మార్గం ఉన్నది: కథలను సీతాకోకచిలుకల వలె సేకరించడం. 1990 దశకంలో మన ఊళ్ళలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సుద్దముక్కతో వ్రాసిన కాలం ఉన్నది. అదే కాలంలో కర్ణాటకలో ‘నాళె బా’ అని వ్రాశారు. అర్థం ‘రేపు రా’ అనే. రాత్రి తలుపు తట్టే ఆ స్త్రీని స్వయంగా చూసినవారు ఎవరని అడిగితే, జవాబు ఎప్పుడూ ‘మా బావమరిది స్నేహితుడు’. ఇటువంటి కథలపై అమెరికా జానపద పండితుడు జాన్ హెరాల్డ్ బ్రన్‌వాండ్ 1981లో ఒక గ్రంథమే వ్రాశాడు. దారిలో వాహనం ఎక్కి, దిగకుండానే మాయమయ్యే ప్రయాణికుని కథే దాని శీర్షిక. మన ఘాటు రోడ్డు తెల్లచీర స్త్రీకి ఆమె అక్కచెల్లెలు.

ఈ సేకరణకు అబూ హమూర్ కంటె అనువైన చోటు ఉండదు. ఒకే వీధిలో కేరళ యక్షి, శ్రీలంక మోహిని, ఫిలిప్పీన్సు శ్వేతాంబర స్త్రీ, పాకిస్తాన్ ‘పిఛల్ పేరి’ అందరూ నివసిస్తున్నారు. మన దయ్యానికి పాదాలు వెనుకకు తిరిగి ఉంటాయని మా అమ్మమ్మ చెప్పేది. పెషావరు నుండి వచ్చిన ఒక టాక్సీ డ్రైవరు పిఛల్ పేరి పాదాలు కూడా అట్లే ఉంటాయన్నప్పుడు, ఇద్దరం నవ్వుకొన్నాం. ఆ గంటసేపు దేశాల సరిహద్దులు గుర్తుకు రాలేదు.

కతర్ ఉత్తర తీరాన అల్ జుమైల్ అనే జాలరుల గ్రామం శిథిలమై ఉన్నది. దయ్యాల ఊరని చూడబోయేవారు ఉన్నారు. అక్కడ అడగదగిన ప్రశ్న ‘ఇక్కడ ఏ జిన్ను ఉన్నది?’ అని కాదు. ‘ఇక్కడి మనుషులు ఎక్కడికి పోయారు?’ అని. గత శతాబ్దంలో చమురు వచ్చిన తరువాత ఈ దేశపు బ్రతుకుతెరువు నగరాలకు మారింది. మన సంగతి కూడా అంతే. మనం గల్ఫుకు రావడం వలన తాళం పడిన మన ఊరి ఇళ్ళను చూసి, నేడు అక్కడి పిల్లలు ‘దయ్యాల కొంప’ అంటున్నారు. ఆ దయ్యాలు ఎవరో కాదు, మనమే.

‘ఎవరు?’ అన్న ప్రశ్న

ఇంతవరకు చెప్పినది ఆనందం. ఇక మిత్రుని మాటకు వద్దాం.

బాణామతి అన్న మాట తెలంగాణలోని మెదక్ ప్రాంతంలోను, దానికి సరిహద్దున ఉన్న కర్ణాటకలోని బీదరు సీమలోను ఎక్కువగా వినబడుతుంది. ఇతర తెలుగు ప్రాంతాలలో చేతబడి, చిల్లంగి అంటారు. ఇంటిపై రాళ్ళు పడతాయి, బట్టలు అంటుకొంటాయి, స్త్రీలు వింత గొంతులతో అరుస్తారు. ఆపై ‘చేసినవారి’ వెదుకులాట మొదలవుతుంది. ఆ వేలు తరచుగా చూపేది ఎవరిని? ఒంటరి విధవరాలిని, పేదవానిని, భూమి తగాదా ఉన్న దాయాదిని, నాటువైద్యం తెలిసిన వృద్ధుని. మంత్రాలు పలకకుండా పళ్ళు ఊడగొట్టిన ఘటనలు, సజీవంగా దహనం చేసిన ఘటనలు మన నేలపై జరిగాయి. జాతీయ నేర గణాంక సంస్థ వెలువరించే నివేదికలో హత్యల కారణాల పట్టికలో ‘మంత్రవిద్య’కు ఒక ప్రత్యేక గడి ఉన్నది. ఆ గడి ఉండవలసి రావడమే విచారకరం. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి అమానుష ఆచారాలపై ప్రత్యేక చట్టాలు చేశాయి. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి, మంత్రగాళ్ళ గారడీలను విప్పి చూపుతూ వచ్చారు.

ఈ బాటలో ముందు నడిచినవారిని స్మరించాలి. ఆంధ్రదేశంలో గోరా అని ప్రసిద్ధి పొందిన గోపరాజు రామచంద్రరావు (1902-1975) వృక్షశాస్త్ర అధ్యాపకుడు. దయ్యాలున్నాయని పేరుపడిన ఇళ్ళలో తాము కాపురం ఉండి చూపడం గోరా, సరస్వతి దంపతులు తొలినాళ్ళలో చేసిన పనులలో ఒకటి. గర్భవతిగా ఉండి గ్రహణ సమయంలో బయట తిరగడానికి సరస్వతి గోరా జంకలేదు. కేరళలో పుట్టి సింహళంలో స్థిరపడిన అబ్రహాం కోవూరు (1898-1978) కూడా వృక్షశాస్త్రం బోధించినవారే. మోసానికి తావులేని పరిస్థితులలో అతీంద్రియ శక్తి చూపినవారికి లక్ష రూపాయలు ఇస్తానని 1963లో ఆయన ప్రకటించారు. ఆ సొమ్మును గెలిచినవారు లేరు. అమెరికాలో జేమ్స్ రాండీ ప్రకటించిన బహుమతి పది లక్షల డాలర్లకు పెరిగి, 2015లో ముగిసేవరకు ఎవరికీ దక్కలేదు.

కోవూరు ప్రకటించిన ఉదంతాలలో రాళ్ళు పడిన, వస్తువులు కదిలిన ఇళ్ళు ఉన్నాయి. పలుచోట్ల ఆ పనులు ఇంటిలోనివారే చేస్తున్నారని తేలింది. కాని ఆయన అక్కడ ఆగి ‘దొంగ దొరికింది’ అనలేదు. ఆ మనిషిని బాధిస్తున్నది ఏమిటని అడిగి, మానసిక చికిత్స చేశారు. చెప్పుకోలేని వ్యధ ఉన్న కోడలు, చదువు మానిపించిన బాలిక, ఎవరూ వినని వృద్ధుడు, దయ్యం నోటితోనైనా మాట్లాడతారు. అక్కడ కూడా ‘ఎవరు?’ అన్న ప్రశ్న నింద దగ్గర ఆగిపోతుంది. ‘ఏమిటి?’ అన్న ప్రశ్న ఆ మనిషి మనసు వరకు పోతుంది.

శోధకుని నియమాలు

ఈ వేడుకలో పాల్గొనదలచినవారికి కొన్ని నియమాలు చెబుతాను. ఒకటి: విన్నదానిని, చూసినదానిని వేరువేరుగా, ఆ రోజే వ్రాసి ఉంచండి, మరునాటికి జ్ఞాపకం కథను అందంగా మార్చివేస్తుంది. రెండు: వివరణ దొరకకపోతే ‘తెలియదు’ అని వ్రాసి ఊరుకోండి, ఖాళీని దయ్యంతోనో, అరకొర శాస్త్రంతోనో నింపకండి. మూడు: భయపడినవారిని నవ్వకండి, అనుభవం నిజమే, దాని కారణమే వెదకవలసినది. నాలుగు: శ్మశానాలలోను, పరుల పాడుబడిన ఇళ్ళలోను సాహసాలు చేయకండి. అబూ హమూర్ ఖబరస్తాన్‌లో నిద్రించేవారు ఎవరికో తల్లులు, ఎవరికో తండ్రులు. అది వినోదస్థలం కాదు. ఐదు, అన్నిటికంటె ముఖ్యమైనది: శోధనలో ఎప్పుడూ బ్రతికి ఉన్న మనిషి పేరు ‘కారణం’ గడిలో వ్రాయకండి.

ఆ రాత్రి మెట్లపై కూర్చొని మిత్రునితో ఇవే మాటలు చెప్పాను. డబ్బు పంపవద్దన్నాను. అతడు అక్కడికక్కడే భార్యకు ఫోను చేశాడు. “ఇగ మీదట అగ్గి అంటుకుంటే ఎన్ని గంటలకు, ఏ మూలకు, ఇంట్ల ఎవరెవరున్నరు, దగ్గర ఏమున్నది, అన్నీ బుక్కుల రాయి. పెద్దమ్మ పేరు ఎవ్వరు తీసినా, నా మాటగ ఆపు. అవసరమైతే పోలీసోళ్ళకు చెప్పు,” అన్నాడు. మరునాడు తమ్మునికి, సర్పంచికి కూడా ఫోను చేశాడు. తరువాతి వారం అతని భార్యే ఆ పెద్దమ్మను పండుగకు ఇంటికి పిలిచి భోజనం పెట్టింది. ఊరంతా చూసింది.

నోటు పుస్తకంలో తరువాత ఒక్క సంఘటనే వ్రాయబడింది: మధ్యాహ్నం రెండు గంటలకు, దండెం మీది తువ్వాలు, పక్కన పొయ్యి. ఆ తరువాత నిప్పు మళ్ళీ కనిపించలేదు. మొదటి మూడుసార్లు నిప్పు ఎందుకు పుట్టినదో మా ఇద్దరికీ నేటికీ తెలియదు. ఆ గడి ఖాళీగానే ఉన్నది, అలాగే ఉండనిచ్చాం.

పెద్దమ్మ మాత్రం తన ఇంటిలో, తన పళ్ళతో, నవ్వుతూ బ్రతికి ఉన్నది. ఈ చలికాలంలో మేడపై పిల్లలు మళ్ళీ దయ్యం కథ అడిగితే, మా మిత్రుడు ఈ కథే చెబుతానంటున్నాడు.